గాలిలో అతి తక్కువ మోతాదు సేంద్రియ కాలుష్యాలు కొలవాలంటే: క్యానిస్టరా, ట్యూబా, ఏ డిటెక్టర్?

"గాలిలో బెంజీన్, టోలుయిన్ లాంటివి కొలవాలి, ఏ జీసీ కొనమంటారు?" అని అడిగేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే. మెషీన్ సంగతి చివర్లో చూద్దాం, గాలిని ఎలా పట్టుకోవాలో ముందు తేల్చుకోండి. జీసీ అంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ, కాలమ్ అనే సన్నని గొట్టంలో పదార్థాలను విడదీసి డిటెక్టర్‌తో కొలిచే పద్ధతి. దాని ఫలితాలు తేడా వచ్చినప్పుడు తప్పు కాలమ్‌లోనో డిటెక్టర్‌లోనో ఉండటం తక్కువ. గాలి ఇంజెక్టర్ దాకా చేరేలోపే అది జరిగిపోయి ఉంటుంది. నమూనాలో లేని పదార్థాన్ని ఎంత ఖరీదైన మాస్ స్పెక్ట్రోమీటరూ (అణువుల ముక్కల బరువు చూసి పదార్థాన్ని గుర్తించే డిటెక్టర్) చూపించలేదు. నమూనా తీసేటప్పుడు అంటుకున్న పదార్థాన్ని తీసెయ్యనూ లేదు.

చిన్న లెక్క చూద్దాం. ఘనపు మీటరు గాలిలో 1 మైక్రోగ్రాము బెంజీన్ ఉందనుకోండి. అంటే సుమారు 0.3 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఒక భాగం ఒక పీపీబీ). లీటరు గాలిలో ఉండేది 1 నానోగ్రాము. సిరంజితో 1 మిల్లీలీటరు గాలి తీసి నేరుగా జీసీలోకి ఎక్కిస్తే అందులో ఉండేది 1 పికోగ్రామే. మామూలు ఎఫ్‌ఐడీలో (పదార్థాన్ని మంటలో కాల్చి కొలిచే డిటెక్టర్) అది బేస్‌లైన్ గరుకులో, అంటే ఏమీ లేనప్పుడూ ఉండే సన్నటి కదలికలో కలిసిపోతుంది. అందుకే ఈ పని మొత్తం ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: లీటర్ల కొద్దీ గాలిలో చెదిరి ఉన్న పదార్థాన్ని పోగొట్టకుండా, కొత్తది చేర్చకుండా, ఒకచోటికి ఎలా చేర్చాలి? క్యానిస్టర్, సోర్బెంట్ (పదార్థాలను తనమీద పట్టుకునే పొడి) ట్యూబ్, ప్యాసివ్ శాంప్లర్, పాలీయురేథేన్ ఫోమ్ అన్నీ ఈ ప్రశ్నకు వేర్వేరు జవాబులు.

యూనిట్ల దగ్గర ఒక జాగ్రత్త. 25 డిగ్రీల దగ్గర 1 పీపీబీ బెంజీన్ అంటే ఘనపు మీటరుకు 3.2 మైక్రోగ్రాములు. టోలుయిన్‌కు అదే 1 పీపీబీ సుమారు 3.8 అవుతుంది. రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టేముందు అవి ఏ యూనిట్‌లో, ఏ ఉష్ణోగ్రతకు లెక్కగట్టారో చూడండి.

జాబితాలో మొండిదాన్ని బట్టి ఎంచుకోండి

కొలవాల్సిన పదార్థాల జాబితా రాసుకుని, అందులో అన్నిటికంటే సతాయించేది ఏదో చూడండి. పద్ధతిని నిర్ణయించేది అదే. వినైల్ క్లోరైడ్, క్లోరోమీథేన్, 1,3-బ్యూటాడైయీన్ లాంటివి గది ఉష్ణోగ్రతలో వాయువులే, బలహీనమైన సోర్బెంట్ మీద నిలవవు. బెంజీన్ నుంచి డెకేన్, ట్రైమిథైల్ బెంజీన్ల దాకా ఉన్నవి మధ్యరకం, దాదాపు ఏ పద్ధతికైనా దొరుకుతాయి. నాఫ్తలీన్ దాటి బరువైన పీఏహెచ్‌ల (బెంజీన్ వలయాలు కలిసిపోయిన పదార్థాలు) వైపు వెళ్తే కథ మారిపోతుంది. బెంజో-ఎ-పైరీన్ లాంటిది ఎక్కువభాగం ధూళి కణాల మీదే ఉంటుంది, దాన్ని క్యానిస్టర్‌లో పట్టాలనుకోవడం వృథా.

ఫార్మాల్డిహైడ్ కూడా జాబితాలో ఉంటే దాన్ని విడిగా తీసి పక్కన పెట్టండి. డీఎన్‌పీహెచ్ అనే రసాయనం పూసిన కార్ట్రిడ్జ్ మీద పట్టి, హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంతో నడిచే క్రొమటోగ్రఫీ) చూడటమే దానికి స్థిరపడిన దారి. ఎఫ్‌ఐడీకి ఫార్మాల్డిహైడ్ దాదాపు కనబడదు. అన్నీ ఒకే రన్‌లో రావాలన్న ఆశతో దాన్ని కూడా జీసీలోకి లాగితే మిగతా పదార్థాల నాణ్యత కూడా పోతుంది.

క్యానిస్టరా, ట్యూబా?

అసలు తర్జనభర్జన అంతా ఇక్కడే. ముందు క్యానిస్టర్. లోపలి గోడకు ఎలక్ట్రోపాలిష్ చేసిన లేదా సిలికా పూత వేసిన స్టీలు పాత్ర, ఎక్కువగా 6 లీటర్లది. ల్యాబులో పూర్తిగా వ్యాక్యూమ్ చేసి పంపుతారు. వాల్వ్ తెరిస్తే గాలి దానంతటదే లోపలికి వెళ్తుంది, పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఫ్లో కంట్రోలర్ బిగిస్తే 24 గంటల సగటు కూడా తీయొచ్చు, అప్పుడు నిమిషానికి సుమారు 3.5 మిల్లీలీటర్ల చొప్పున నిండుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పద్ధతి టీవో-15, దాన్ని సవరించి 2019లో తెచ్చిన టీవో-15ఎ ఈ పాత్రల మీదే నడుస్తాయి.

దీని పెద్ద లాభం, గాలి గాలిగానే ఉంటుంది. ఏదైనా పీక్ (గ్రాఫులో ఒక పదార్థానికి వచ్చే శిఖరం) అనుమానంగా ఉంటే అదే పాత్రలోంచి మళ్లీ తీసి రన్ చేయొచ్చు. ఎక్కువ గాఢత ఉందని తెలిస్తే తక్కువ పరిమాణం ఎక్కించొచ్చు. తేలికైన వాయువులు కూడా జారిపోవు.

ఇబ్బందులూ చిన్నవి కావు. సుమారు పదికి మించి కార్బన్లున్న బరువైన పదార్థాలు గోడలకు అంటుకోవడం మొదలవుతుంది. పాత్రను కడగడం అంటే తడి నైట్రోజన్‌తో నింపడం, ఖాళీ చేయడం, వేడి చేయడం, ఇదంతా పదేపదే. టీవో-15ఎ ప్రకారం శుభ్రం చేసిన పాత్రలో ఒక్కో పదార్థం 20 పీపీటీ (వెయ్యి పీపీటీలు ఒక పీపీబీ) దాటకూడదు. పాత అలవాటుతో 200 పీపీటీ సరిపోతుందనుకునే ల్యాబుకు ఇది గట్టి పరీక్షే. పైగా ఆక్రోలీన్, ఇథిలీన్ ఆక్సైడ్ లాంటివి కొన్ని పాత్రల్లో నిల్వ ఉన్నకొద్దీ పెరుగుతాయి. బయటి గాలిలో లేనిది పాత్రలోనే పుడుతుందన్నమాట. ఈ రెండూ మీ జాబితాలో ఉంటే ప్రతి పాత్రకూ విడిగా బ్లాంక్ (నమూనా తీయకుండా చేసిన పరీక్ష) చరిత్ర అడగండి, సగటు లెక్కలు వద్దు.

ఫీల్డ్‌లో గేజ్ చూడటం చాలామంది లైట్ తీసుకుంటారు. మొదలుపెట్టేటప్పుడు పాదరసం లెక్కన మైనస్ 29, 30 అంగుళాల దగ్గర ఉండాలి. ముగించేటప్పుడు మైనస్ 5 నుంచి 7 దగ్గర ఇంకా కొంత వ్యాక్యూమ్ మిగిలి ఉండాలి. ముల్లు సున్నా మీద ఆగి ఉంటే పాత్ర ఎప్పుడు నిండిందో ఎవరికీ తెలియదు. 24 గంటల సగటు అని రాసింది 9 గంటలదే కావచ్చు. ఇలాంటి నమూనాను రిపోర్టు చేయకుండా పక్కన పెట్టేయడమే నయం.

ఇక ట్యూబ్. 89 మిల్లీమీటర్ల పొడవు, 6.35 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు లేదా గాజు గొట్టం, లోపల సోర్బెంట్ పొడి. చిన్న పంపుతో నిమిషానికి 10 నుంచి 200 మిల్లీలీటర్ల గాలి లాగుతారు. ల్యాబులో వేడి చేసి, లోపల పట్టుబడిందంతా చల్లటి ట్రాప్ మీదికి, అక్కడినుంచి కాలమ్‌లోకి పంపుతారు. ఇదే థర్మల్ డిసార్ప్షన్. ఈపీఏ టీవో-17, ఐఎస్‌వో 16000-6, ఐఎస్‌వో 16017 దీని మీద ఉన్నవే. జేబులో పదేసి ట్యూబులు పట్టుకుపోవచ్చు, కొరియర్‌లో పంపొచ్చు, కార్బన్ల సంఖ్య ఇరవై దాటినా అందుకోవచ్చు.

కానీ ట్యూబ్‌లో ఏ సోర్బెంట్ ఉందన్న దాని మీద సగం జాతకం ఆధారపడి ఉంటుంది. టెనాక్స్ టీఏ అందరికీ ఇష్టమైనది. నీటిని పట్టుకోదు, 350 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, సరిగ్గా కండిషన్ చేస్తే బ్లాంక్ చాలా శుభ్రంగా వస్తుంది. అయితే తేలికైన పదార్థాలకు దాని పట్టు తక్కువ. 200 మిల్లీగ్రాముల టెనాక్స్ టీఏ మీద బెంజీన్‌కు సురక్షిత నమూనా పరిమాణం (పదార్థం దాటిపోకుండా లాగగల గాలి) 20 డిగ్రీల దగ్గర 6.2 లీటర్లు. టోలుయిన్‌కు 38 లీటర్లు. ఒక్క మిథైల్ గ్రూపు తేడాకే ఇంత మార్పు.

ఇప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం ఊహించండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ పరిమాణం దాదాపు సగానికి పడిపోతుంది. 40 డిగ్రీల దగ్గర బెంజీన్‌కు మిగిలేది లీటరున్నర. మీరు 4 లీటర్లు లాగితే ముందు పట్టుబడిన బెంజీన్ మెల్లగా అవతలి కొసనుంచి బయటికి పోతూ ఉంటుంది. క్రొమటోగ్రామ్‌లో మాత్రం పీక్ చక్కగానే కనబడుతుంది, కాకపోతే చిన్నదిగా. గాలి శుభ్రంగా ఉందని రిపోర్టు వెళ్లిపోతుంది. నన్ను ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే ఈ తప్పు ఎక్కడా ఎర్రజెండా ఊపదు.

దీనికి టీవో-17 చెప్పిన విరుగుడు బాగుంటుంది. పక్కపక్కన రెండు ట్యూబులు పెట్టి, గంటలో ఒకదాని గుండా 1 లీటరు, రెండోదాని గుండా 4 లీటర్లు లాగండి. రెండింటి గాఢత 25 శాతం లోపు తేడాతో కలవాలి. 4 లీటర్ల ట్యూబ్ తక్కువ చూపిస్తే పదార్థం దాటిపోయిందని అర్థం. రెండు ట్యూబులూ ఒకే పరిమాణంతో పెడితే రెండూ ఒకేలా తప్పు చెబుతాయి, డూప్లికేట్ బ్రహ్మాండంగా కలిసిందని మనం సంతోషిస్తాం.

ఇంకో లెక్క. 24 గంటల సగటు బెంజీన్ టెనాక్స్ మీద పంపుతో తీయొచ్చా? వ్యాపనం వల్ల వచ్చే తప్పును దూరంగా ఉంచాలంటే నిమిషానికి 10 మిల్లీలీటర్లకంటే తగ్గించకూడదు. 24 గంటలకు అది 14.4 లీటర్లు. 20 డిగ్రీల దగ్గరే 6.2 లీటర్లు హద్దు కాబట్టి కుదరదు. బెంజీన్‌ను ఇంకా గట్టిగా పట్టే కార్బోప్యాక్ ఎక్స్ లాంటి గ్రాఫైట్ రకం కార్బన్ వాడాలి, లేదా కొన్ని గంటలకో ట్యూబ్ మార్చాలి, లేదా క్యానిస్టర్‌కు వెళ్లాలి. కార్బోప్యాక్ ఎక్స్ 1,3-బ్యూటాడైయీన్‌ను కూడా పడుతుంది. ఇంకా తేలికైనవాటికి కార్బన్ మాలిక్యులర్ సీవ్ వేస్తారు గానీ అది నీటిని కూడా పీల్చుకుంటుంది, తేమ ఎక్కువున్న గాలిలో ఆ నీరంతా ట్రాప్‌లో మంచై కూర్చుంటుంది.

రెండు మూడు సోర్బెంట్లు ఒకే ట్యూబ్‌లో వేసినప్పుడు గాలి ముందు బలహీనమైనదాన్ని, చివర బలమైనదాన్ని తాకాలి. వేడి చేసేటప్పుడు ప్రవాహం తిరగబడాలి. ట్యూబ్ మీద చెక్కిన బాణం అందుకే ఉంది. పంపు తిప్పి తగిలిస్తే బరువైన పదార్థాలు బలమైన సోర్బెంట్‌లో ఇరుక్కుపోతాయి, ఎంత వేడి చేసినా పూర్తిగా రావు. అలాంటి ట్యూబ్ తర్వాతి నమూనాలను కూడా పాడుచేస్తుంది. మూతలు ఇత్తడివి, లోపల పీటీఎఫ్‌ఈ ఫెరూల్ ఉన్నవి వాడండి.

ఓజోన్ ఎక్కువగా ఉన్న గాలిలో టెనాక్స్ కొంచెం విరిగి బెంజాల్డిహైడ్, అసిటోఫినోన్ పుట్టిస్తుంది. అదే ఓజోన్ లిమోనీన్, పైనీన్, ఐసోప్రీన్‌లను తినేస్తుంది. మొక్కల నుంచి వచ్చే పదార్థాలు కొలవాలంటే ముందు ఓజోన్ స్క్రబ్బర్ పెట్టక తప్పదు. మరోవైపు క్యానిస్టర్ గాలిని ఆరబెట్టడానికి నేఫియాన్ డ్రయర్ వాడితే ఆల్కహాళ్లు, కీటోన్లు పోతాయి, టెర్పీన్లు రూపం మార్చుకుంటాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కొత్తగా మొదలుపెట్టే ల్యాబు ఒక్కదాంతోనే ఆరంభించాలంటే థర్మల్ డిసార్బర్, ట్యూబులతోనే ఆరంభించమంటాను. పంపు నమూనాలు, ప్యాసివ్ నమూనాలు, ఇంటి లోపలి గాలి, ఫర్నిచర్, పెయింట్ ఛాంబర్ పరీక్షలు అన్నీ అందులోనే నడుస్తాయి. జాబితాలో వినైల్ క్లోరైడ్, క్లోరోమీథేన్, ఫ్రియాన్లు ముఖ్యమైతే, లేదా ప్రమాదం జరిగిన చోటికి ఎవరో ఒకరు పరిగెత్తి వాల్వ్ తిప్పాల్సిన పని అయితే క్యానిస్టర్‌కు సాటి లేదు.

చార్‌కోల్ ట్యూబ్, కార్బన్ డైసల్ఫైడ్

ఫ్యాక్టరీ లోపల, పీపీఎం (వెయ్యి పీపీబీలు) స్థాయిలో కొలవడానికి ఇది ఇప్పటికీ మంచి పద్ధతే, అమెరికా సంస్థ నియోష్ పద్ధతి 1501 లాంటివి దీని మీదే ఉన్నాయి. బయటి గాలికి మాత్రం పనికిరాదు, కారణం లెక్కలోనే ఉంది. ఘనపు మీటరుకు 3 మైక్రోగ్రాముల బెంజీన్ ఉన్న గాలి 10 లీటర్లు లాగితే చార్‌కోల్ మీద చేరేది 30 నానోగ్రాములు. దాన్ని 1 మిల్లీలీటరు కార్బన్ డైసల్ఫైడ్ ద్రావకంలో కడిగి 1 మైక్రోలీటరు ఎక్కిస్తాం. లోపలికి వెళ్లేది అందులో వెయ్యో వంతు, 30 పికోగ్రాములు. థర్మల్ డిసార్ప్షన్‌లో ఆ 30 నానోగ్రాములూ వెళ్లగలవు. పైగా కార్బన్ డైసల్ఫైడ్‌లోనే కొంత బెంజీన్ కల్తీగా ఉంటుంది. అదే గాలిలో 1 పీపీఎం ఉంటే ఎక్కేది 32 నానోగ్రాములు, అప్పుడు ఏ చిక్కూ లేదు.

ప్యాసివ్ శాంప్లర్

పంపు లేకుండా, వ్యాపనం మీదే ఆధారపడే ట్యూబ్. కార్బోప్యాక్ ఎక్స్ ఉన్న ట్యూబ్ బెంజీన్‌ను నిమిషానికి సుమారు 0.67 మిల్లీలీటర్ల గాలికి సమానంగా పడుతుంది. 14 రోజులు వేలాడదీస్తే 13.5 లీటర్లు లాగినట్టు. ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రాము ఉన్నా 13 నానోగ్రాములకు పైగా చేరుతుంది, హాయిగా కొలవొచ్చు. అమెరికాలో 2015 రిఫైనరీ నిబంధన ప్రహరీ చుట్టూ ఇలాంటివే పెట్టమంది, ఏడాది సగటు 9 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతకాలి. చాలా చోట్ల, తక్కువ ఖర్చుతో, దీర్ఘకాల సగటు కావాలంటే నేను మొదట చూసేది దీన్నే. రాత్రి రెండు గంటలపాటు వచ్చిన ఘాటు వాసన ఎక్కడిదని అడిగితే మాత్రం దీని దగ్గర జవాబు లేదు.

బరువైన పీఏహెచ్‌లు, పీసీబీలకు (క్లోరిన్ ఉన్న పాత పారిశ్రామిక రసాయనాలు) వేరే దారి లేదు: ముందు క్వార్ట్జ్ ఫిల్టర్, వెనక పాలీయురేథేన్ ఫోమ్ లేదా ఎక్స్‌ఏడీ-2 రెజిన్, హైవాల్యూమ్ పంపుతో 24 గంటల్లో 300 ఘనపు మీటర్లు, తర్వాత ద్రావకంతో తీయడం. నాఫ్తలీన్ కూడా కావాలంటే ఫోమ్ ఒక్కటే చాలదు, ఎక్స్‌ఏడీ-2 ఉండాలి. తీయడానికి ముందే డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న సరోగేట్లు, అంటే తెలిసిన మోతాదులో వేసే గుర్తు పదార్థాలు కలిపితే ఎంత పోయిందో తెలుస్తుంది.

డిటెక్టర్

ఇక్కడ పోటీ నిజానికి రెండింటి మధ్యే, ఎఫ్‌ఐడీ, మాస్ స్పెక్ట్రోమీటర్. ఎఫ్‌ఐడీ హైడ్రోకార్బన్లకు కార్బన్ బరువును బట్టి స్పందిస్తుంది, పది మిలియన్ల రెట్ల పరిధిలో గీత వంకరపోదు, నెలల తరబడి పెద్దగా కదలదు. కానీ పేరు చెప్పదు. ఆ నిమిషంలో వచ్చింది బెంజీన్ అని మనం నమ్మాలంతే, దాని కింద ఇంకేదైనా దాక్కుని ఉంటే అదీ కలిసే లెక్కలోకి వస్తుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ 78 అయాన్ చూపించి బెంజీన్ అంటుంది, 91 చూపించి టోలుయిన్ అంటుంది. తెలియని గాలి, తెలియని పదార్థాలు ఉన్నప్పుడు దీన్ని కాదని ఇంకోటి ఎంచుకోవడానికి నాకు కారణం కనబడదు. ఎంచుకున్న అయాన్లనే చూసే సిమ్ మోడ్‌లో పెడితే పీపీటీలకు దిగొచ్చు, కానీ జాబితాలో లేనివి కనబడకుండా పోతాయి. సిమ్, స్కాన్ రెండూ ఒకే రన్‌లో పెట్టగలిగితే అలాగే పెట్టండి. సోర్స్ మురికిపట్టేకొద్దీ స్పందన జారిపోతుంది కాబట్టి ప్రతి నమూనాలోనూ ఇంటర్నల్ స్టాండర్డ్ (తెలిసిన మోతాదులో కలిపే పోలిక పదార్థం) తప్పనిసరి.

మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంది కదా అని కాలమ్‌ను నిర్లక్ష్యం చేయొద్దు. మెటా, పారా జైలీన్ల స్పెక్ట్రమ్‌లు ఒకేలా ఉంటాయి, రెండూ 91, 106లే. 624 రకం కాలమ్ మీద ఆ రెండూ కలిసే వస్తాయి. విడదీయాలంటే వ్యాక్స్ రకం కాలమ్ కావాలి. చాలా పనులకు ఆ రెండింటి మొత్తం చాలు కాబట్టి 60 మీటర్ల 624 కాలమే నా సిఫారసు. రెండు నుంచి ఐదు కార్బన్ల హైడ్రోకార్బన్లకు అల్యూమినా ప్లాట్ కాలమ్ వేరుగా ఉండాలి, దానికి నీరు తగలనివ్వొద్దు.

ఈసీడీ (ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్) కథ వేరు. 1957లో జేమ్స్ లవ్‌లాక్ కనిపెట్టిన ఈ డిటెక్టర్ క్లోరిన్, బ్రోమిన్ ఉన్న పదార్థాలకు విపరీతంగా స్పందిస్తుంది. 1971లో ఆయన షాకిల్టన్ నౌకలో అంటార్కిటికా వైపు వెళ్తూ, మనుషుల జాడ లేని సముద్రం మీది గాలిలో కూడా సీఎఫ్‌సీ-11 అనే ఫ్రియాన్ వాయువును పదుల పీపీటీలలో చూడగలిగింది దీనితోనే. ఫ్రియాన్లు, క్లోరిన్ పురుగుమందులే మీ పని అయితే ఇప్పటికీ గొప్పది. బెంజీన్ దానికి కనబడదు. లోపల నికెల్-63 రేడియోధార్మిక మూలం ఉంటుంది కాబట్టి అనుమతులూ చూసుకోవాలి.

గంటకో రీడింగ్ ఇచ్చే ఆటో జీసీల గురించి చాలామంది ఉత్సాహంగా అడుగుతారు. గంటలో ముప్పై నలభై నిమిషాలు గాలి పీల్చి, మిగతా సమయంలో కాలమ్ నడిపి, రాత్రింబవళ్లు డేటా ఇస్తుంది. గాలి దిశతో కలిపి చూస్తే మూలం ఎటువైపుందో చెప్పగలదు, ట్యూబులు ఎన్ని పెట్టినా ఇది రాదు. కానీ హైడ్రోజన్, జీరో ఎయిర్ (శుద్ధి చేసిన గాలి), క్యాలిబ్రేషన్ సిలిండర్, చల్లటి గది, రోజూ పీకులు సరిచూసే మనిషి కావాలి. ఆ మనిషిని పెట్టలేమంటే దీన్ని కొనొద్దు. చూసేవాళ్లు లేకపోతే రిటెన్షన్ సమయం (పదార్థం కాలమ్ దాటడానికి పట్టే సమయం) మెల్లగా జరిగి, పక్క పీక్‌కు బెంజీన్ పేరు పడిపోతుంది, ఆ అంకెలు అలాగే పోగవుతూ పోతాయి. కాలమ్ లేకుండా చేత్తో పట్టుకుని తిప్పే పీఐడీ (అతినీలలోహిత కాంతితో కొలిచే) మీటరు లీకు వెతకడానికి బాగుంటుంది, అది చూపించేది మొత్తమే.

ఎవరికి ఏది

ఇంటి లోపలి గాలి, కొత్త పెయింట్ వాసన: టెనాక్స్ టీఏ, మాస్ స్పెక్ట్రోమీటర్. రిఫైనరీ లేదా పెట్రోల్ నిల్వ చుట్టూ ఏడాది సగటు: ప్యాసివ్ ట్యూబులు, మాస్ స్పెక్ట్రోమీటర్ లేదా ఎఫ్‌ఐడీ. రసాయన ప్రమాదం, చెత్త గుట్టల వాయువు: క్యానిస్టర్. ఓజోన్‌కు కారణమయ్యే హైడ్రోకార్బన్ల రోజువారీ నడక: రెండు కాలమ్‌ల ఆటో జీసీ, ఎఫ్‌ఐడీ.

నమూనాలు బయటి ల్యాబుకు పంపేటట్టయితే ధర అడిగేముందు బ్లాంకులు అడగండి. ఫీల్డ్‌కు వెళ్లి తెరవకుండా తిరిగొచ్చిన ట్యూబ్‌లో బెంజీన్ ఎన్ని నానోగ్రాములు వచ్చింది? డిటెక్షన్ లిమిట్ ఎలా లెక్కగట్టారు, ఏడు తక్కువ గాఢత నమూనాల ప్రామాణిక విచలనాన్ని 3.143తో గుణించి తీశారా, లేక మెషీన్ బ్రోచర్‌లోంచి రాశారా? ట్యూబ్‌లో ఏ సోర్బెంట్ ఉంది, ఎన్ని మిల్లీగ్రాములు, ఆ రోజు ఉష్ణోగ్రతకు ఎంత గాలి లాగారు? అంకెలతో పాటు క్రొమటోగ్రామ్ ఫైళ్లు కూడా ఇస్తామంటే ఆ ల్యాబునే ఎంచుకోండి, ధర కొంచెం ఎక్కువైనా సరే.